తీరము వీడని తల్లి

సింగపూరు నగరమున టెలోక్ ఆయర్ అను వీథి యొకటి కలదు. మలయా భాషలో ‘టెలోక్’ అనగా అఖాతము. ‘ఆయర్’ అనగా నీరు. ఈ పేరు విని వచ్చినవారు అచట నీటికొఱకు వెదకినచో వారికి నిరాశయే మిగులును. ఎటు చూచినను ఆకాశము నంటు మేడలు, ఎండకు మెఱయు అద్దపు గోడలు, ఎడతెగక సాగు వాహనములు. అలల చప్పుడు చెవికి సోకదు; ఉప్పుగాలి మేనికి తగులదు. అట్టి వీథిలో, మేడల నీడలో, వంపు తిరిగిన కప్పుతో, రంగురంగుల చిత్రములు గల తలుపులతో ఒక పురాతన చైనీయ ఆలయము నిలిచియున్నది. దాని పేరు థియాన్ హాక్ కెంగ్. ‘స్వర్గ సౌభాగ్య మందిరము’ అని దాని కర్థము. అందు ముఖ్యముగా కొలువై యున్న దేవత సముద్రయానము చేయువారిని కాపాడు తల్లి. నీటి జాడయే లేని వీథిలో సముద్రదేవతకు గుడి ఎట్లు వెలసెను? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము ఆ ఆలయము యొక్క చరిత్రమే.

1819వ సంవత్సరమున ఆంగ్లేయులు సింగపూరు ద్వీపమున వర్తకస్థానము నెలకొల్పిరి. సుంకములు లేని రేవు వెలసినదని విని నలుదిక్కుల నుండి ఓడలు రాజొచ్చెను. దక్షిణ చైనాలో ఫూజియాన్ అను రాష్ట్రము కలదు. అచట కొండలు మెండు. సాగునకు తగిన నేల తక్కువ. కావున ఆ ప్రాంతపు ప్రజలు తరతరములుగా సముద్రమునే నమ్ముకొని బ్రతికిరి. హొక్కియెన్ ప్రజలని పిలువబడు వీరు ఈశాన్యపు గాలులు వీచు కాలమున తెరచాప ఓడలెక్కి దక్షిణమునకు వచ్చెడివారు. నైరృతి గాలులు వీచునపుడు తిరిగి పోయెడివారు. పోవుట నిశ్చయము గాని చేరుట నిశ్చయము కాదు. త్రోవలో తుపానులు, ఓడదొంగలు, రోగములు ఎందఱినో పొట్టన పెట్టుకొనెడివి. ఓడ దిగి గట్టి నేలపై అడుగిడుటయే వారికి మొదటి భాగ్యము. ఆ అడుగు పడిన చోటు టెలోక్ ఆయర్ తీరము.

ప్రాణములతో చేరినవాడు మొదట ఏమి చేయును? ఇల్లు వెదకుకొనుటకు ముందు, పని వెదకుకొనుటకు ముందు, తన్ను కాపాడిన దైవమునకు చేతులెత్తి మ్రొక్కును. అందుకే ఆ యిసుక తీరమున 1820ల తొలినాళ్లలోనే ఒక చిన్న గుడి వెలసినది. వచ్చినవారు కృతజ్ఞతతో అగరువత్తి వెలిగించెడివారు. పోవువారు క్షేమము కోరి వెలిగించెడివారు.

ఆ దేవత పేరు మాజు. ఫూజియాన్ తీరమున మైజౌ అను దీవియందు పదవ శతాబ్దమున లిన్ వారి వంశమున ఆమె జన్మించినదని భక్తుల నమ్మకము. పుట్టినపుడు ఏడువకుండుటచే ఆమెకు ‘మో’ అను పేరు పెట్టిరట. మౌనము అని దాని భావము. ఒకనాడు తండ్రియు సోదరులును నడిసముద్రమున తుపానునకు చిక్కుకొనగా, ఇంటనున్న ఆ బాలిక ధ్యానమగ్నయై వారిని రక్షింప యత్నించినదని ఒక గాథ కలదు. ఆమె మరణించిన పిమ్మట నావికులు ఆమెను దేవతగా కొలువజొచ్చిరి. చక్రవర్తులు ఆమెకు బిరుదులొసగిరి. అయినను జాలరులకును ఓడవారికిని ఆమె చక్రవర్తులిచ్చిన బిరుదుల దేవత కాదు; పేరు పెట్టి పిలిచిన పలుకు ఇంటి తల్లి. 2009వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి విద్యా వైజ్ఞానిక సాంస్కృతిక సంస్థయైన యునెస్కో, మాజు ఆరాధనను, దానికి సంబంధించిన ఆచారములను మానవజాతి సాంస్కృతిక సంపదగా గుర్తించినది.

కాలక్రమమున సింగపూరులో హొక్కియెన్ ప్రజలు వృద్ధి చెందిరి. చిన్న గుడి చాలదయ్యెను. 1839లో పెద్ద ఆలయమునకు పని ప్రారంభమై 1842లో ముగిసెను. ఈ కార్యమునకు ముందు నిలిచిన పెద్దలలో తాన్ టాక్ సెంగ్ ఒకడు. 1798లో మలక్కాలో పుట్టిన ఇతడు చేతిలో పెట్టుబడి లేక సింగపూరు చేరి, కూరగాయలు, పండ్లు, కోళ్లు అమ్ముకొని జీవితము నారంభించెను. క్రమముగా గొప్ప వర్తకుడయ్యెను. ఆలయ నిర్మాణమునకైన వ్యయము సుమారు 30,000 స్పానిష్ డాలర్లు; అందు 3,000 డాలర్లకు పైగా ఇతడే ఇచ్చెను. దిక్కులేని రోగుల కొఱకు 1844లో ఇతడు పునాది వేయించిన వైద్యశాల నేటికిని ఇతని పేరుతోనే ఆ నగరమున పేరొందియున్నది. దాతల పేర్లు 1850 నాటి శాసనమున రాతిపై చెక్కబడినవి. పుట్టిన ఊరును విడిచిన మనుష్యులు తమ పేర్లను పరాయి నేలపై రాతిలో చెక్కించుకొనిరనగా, ఆ నేల వారికిక పరాయిది కాదని తలంపవలెను.

1840లో దేవతా విగ్రహము చైనా నుండి ఓడపై వచ్చెను. ఆనాటి ఊరేగింపును ఊరెల్ల వేడుకగా చూచినది. అచటి ఆంగ్ల పత్రిక సైతము దానిని వర్ణించినది. విగ్రహముతో పాటు ఆలయమునకు వలసిన రాళ్లును, కొయ్యయు, శిల్పములును సముద్రము మీదుగనే వచ్చినవి. కొయ్యదూలములను, కొమ్మలవలె పైకి పెరుగుచు కప్పు భారమును మోయు అడ్డకొయ్యలను పనివారు ఇనుప మేకులు లేకుండ, ఒకదాని గాడిలో మరియొకదాని కొనను బిగించి నిలిపిరి. ద్వారమునకు ఇరువైపుల రాతి సింహములు. మగ సింహపు కాలిక్రింద బంతి, ఆడ సింహపు కాలిక్రింద పిల్ల. నల్లరాతి స్తంభములను చుట్టుకొని నాగుల వంటి దేహములతో చైనీయుల ‘డ్రాగన్లు’ పైకి ప్రాకుచుండును. కప్పు అంచులు రెండుగా చీలి పైకి లేచియుండును. వాటిపై పూలును, పక్షులును పింగాణి ముక్కలు నేర్పుగా త్రుంచి అతికించి చేసినవి. గడప ఎత్తైనది. దాటువాడు తల వంచి కాలిక్రిందికి చూచుకొనవలెను. దేవుని యెదుట వినయము నేర్పుటకు ఇంతకన్న సులభమైన ఉపాయము లేదు.

ఇది ఒక్క మందిరము కాదు, మందిరముల సముదాయము. ముందు ముఖమండపము, దాని వెనుక ఆకాశము కనబడు ముంగిలి, నడుమ మాజు కొలువున్న ప్రధాన మందిరము, ఆ వెనుక కరుణామూర్తి యగు గ్వాన్‌యిన్ మందిరము, ఇరుప్రక్కల చిన్న మందిరములు. జ్ఞానియైన కన్‌ఫ్యూషియస్‌కును అచట స్థానము కలదు. ప్రక్కనే 1849లో ప్రారంభమై ‘చోంగ్ వెన్ గే’ అను విద్యామందిరము వెలసినది. 1915లో ఆలయపు పెద్దలు అచటనే బాలికలకొఱకు ఒక పాఠశాల నెలకొల్పిరి. ఆడపిల్లల చదువు అపురూపమైన ఆ దినములలో సముద్రదేవత ప్రక్కన బాలికలు అక్షరములు వల్లించుచుండుట ఎంత ముచ్చటయైన దృశ్యము! ఆ పాఠశాల 1980 దశకమున వేఱొక ప్రాంతమునకు తరలి, నేటికిని విద్య నేర్పుచున్నది.

ఆ తీరమున దిగినవారు చైనీయులు మాత్రమే కాదు. భారతదేశపు కోరమాండల్ తీరము నుండి వచ్చిన చూలియాలనబడు దక్షిణ భారత ముసల్మానులు 1827లో ఆ వీథియందే ఒక మసీదును, 1828 - 1830 నడుమ నాగూరు వలీ పేర ఒక దర్గాను కట్టిరి. దూరదేశములకు బయలుదేరిన ఓడవారికి నాగూరు వలీ ఎట్టి అండయో, ఫూజియాన్ వారికి మాజు అట్టి అండ. భాషలు వేఱు, ప్రార్థనలు వేఱు, భయము మాత్రము ఒక్కటే. ఆ భయము తీరిన పిమ్మట కలుగు కృతజ్ఞతయు ఒక్కటే. థియాన్ హాక్ కెంగ్ కప్పు క్రింద దూలములను భుజములపై మోయుచున్నట్లు కొన్ని విదేశీయుల బొమ్మలు కలవు. అవి ఆలయ నిర్మాణమున చేయూతనిచ్చిన భారతీయ శ్రామికుల గుర్తులని అచటివారు చెప్పుకొందురు.

ఆలయము కట్టిన నాడు దాని ముందే సముద్రము. ఓడ దిగినవాడు నాలుగడుగులు వేసిన దేవత యెదుట నిలిచెడివాడు. కాని రేవు పెరుగుచుండెను, నేల చాలకుండెను. 1880 దశకమున మట్టియు రాళ్లును పోసి అఖాతమును పూడ్చిరి. సముద్రము వెనుకకు జరిగినది. అలలున్న చోట వీథులు వచ్చినవి. వీథులపై గిడ్డంగులు, గిడ్డంగుల స్థానమున మేడలు వచ్చినవి. ఆలయము మాత్రము కదలలేదు. ఓడలు కనబడని దిక్కునకే ముఖము పెట్టి నిలిచినది. తెరచాప ఓడలు పోయి పొగ ఓడలు వచ్చినను, పొగ ఓడలు పోయి విమానములు వచ్చినను భక్తులు తగ్గలేదు. నీటిపై ప్రయాణము తప్పినను బ్రతుకు ప్రయాణమున తుపానులు తప్పవు గదా!

1906లో ఆలయమునకు పెద్ద మరమ్మతులు జరిగినవి. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున పోతపోసిన ఇనుప కటకటాలను ముందుభాగమున అమర్చిరి. ఐరోపా నుండి వచ్చిన రంగుల పలకలను గోడలకు అతికిరి. మరుసటి సంవత్సరము, 1907లో, చైనా చక్రవర్తి గ్వాంగ్షూ దక్షిణ సముద్రములు ప్రశాంతముగ నుండుగాక యను భావము గల నాలుగక్షరములను ఆలయమునకు కానుకగా ఒసగెను. ఒకవైపు చక్రవర్తి ఒసగిన అక్షరములు, మరియొకవైపు గ్లాస్గో ఇనుము. ఈ రెండును ఒకే గుడిలో ఇముడుటయే సింగపూరు రేవు కథను చెప్పకయే చెప్పుచున్నది.

తరువాతి కాలమున వచ్చిన ఆపద సముద్రము నుండి వచ్చినది కాదు. 1965లో సింగపూరు స్వతంత్ర దేశమయ్యెను. దేశమంతయు కలిపి సుమారు 580 చదరపు కిలోమీటర్లు మాత్రమే. జనము క్రిక్కిరిసియుండిరి. నగరమధ్యమున పాత దుకాణపు మిద్దెలలో ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము తలదాచుకొనుచుండెను. గాలి లేదు, వెలుతురు లేదు. 1960లో ఏర్పడిన గృహనిర్మాణ సంస్థ దూరముగా ఎత్తైన భవనములు కట్టి జనమును అచటికి తరలింపసాగెను. ఇది దోషము కాదు. బీదలకు నీరును, వెలుగును ఇచ్చిన మేలు. కాని ఆ మేలుతో పాటు పాత వీథులు అనేకము నేలమట్టమయ్యెను. బ్రతికియున్న మనుష్యులకు ఇండ్లు కావలయునా, గతించినవారి గుడులు నిలువవలయునా అను ప్రశ్న వచ్చినపుడు ఏ పాలకుడైనను ఏమి చెప్పగలడు? నేల తక్కువైన దేశమున ప్రతి పాతగోడయు తాను నిలుచుటకు కారణము చూపవలసి వచ్చెను.

ఆ కారణమును గుర్తించిన పెద్దలు లేకపోలేదు. కట్టడముల సంరక్షణకై చట్టము చేయబడి, 1971లో ఒక మండలి యేర్పడెను. 1973లో తొలి విడతగా ఎనిమిది కట్టడములను జాతీయ స్మారకములుగా ప్రకటించిరి. అందు థియాన్ హాక్ కెంగ్ ఒకటి. ఆ ఎనిమిదింట క్రైస్తవుల చర్చిలు, ముసల్మానుల మసీదు, దక్షిణ భారతీయులు కట్టిన మారియమ్మ కోవెల, ఒక అంగడి, బీదలకు ఉచితముగా మందులిచ్చిన ఒక వైద్యశాల కలవు. ఒక జాతి గుడిని మాత్రమే కాపాడి మరియొక జాతి గుడిని విడిచినచో అది సంరక్షణ అనిపించుకొనదు. ఆ మరుసటి సంవత్సరమే టెలోక్ ఆయర్ వీథిలోని మసీదును, నాగూరు దర్గాను గూడ ఆ జాబితాలో చేర్చిరి. 1989లో ఆ చుట్టుప్రక్కల పాత వీథులను సైతము సంరక్షిత ప్రాంతముగా ప్రకటించిరి.

చట్టము గునపమును ఆపగలదు, చెదపురుగును ఆపలేదు. వానలు విస్తారముగా కురియు ఆ దేశమున కొయ్య త్వరగా చివుకును. కప్పు పెంకు ఒకటి జరిగినను నీరు దూలములలోనికి దిగును. తరతరముల అగరువత్తుల పొగ బంగారుపూతను నల్లబరచును. ఏ భక్తి ఆలయమును నిలుపుచున్నదో ఆ భక్తి ధూమమే దాని అందమును మరుగుపరచుట ఒక వింత. 1998లో ఆలయమును నిర్వహించు హొక్కియెన్ సంఘము సమగ్రమైన మరమ్మతులకు పూనుకొనెను. క్రొత్త ఆలయమును కట్టుట ఇంతకన్న సులభము. పాతదానిని నిలుపుటలో ప్రతి కొయ్యముక్క యెదుటను ఆగి, దీనిని ఉంచవచ్చునా, మార్చక తప్పదా అని ఆలోచింపవలెను. చెడినంత మేరయే తీసి, ఆ జాతి కొయ్యతోనే అతుకు వేయవలెను. పాత రంగుల జాడ పట్టి క్రొత్త రంగు వేయవలెను. ఇట్టి పనితనము తెలిసిన శిల్పులను చైనా నుండి రప్పించిరి. 2000వ సంవత్సరమున పని ముగిసెను. గ్లాస్గో కటకటాలు చైనీయ సంప్రదాయమునకు చెందినవి కావని ఎవరును వాటిని పెఱికివేయలేదు. అవియు ఆలయ చరిత్రలో భాగమే. 2001లో యునెస్కో ఆసియా పసిఫిక్ సంరక్షణ పురస్కారములలో ఈ పనికి గౌరవ ప్రశంస లభించినది.

అదే వీథిలో ఫుక్ తక్ చి అను మరియొక చిన్న చైనీయ గుడి కలదు. 1824లో వెలసిన ఈ గుడి థియాన్ హాక్ కెంగ్ కన్నను పాతది. చుట్టుప్రక్కల నివసించినవారు క్రొత్త ఇండ్లకు తరలిపోగా భక్తుల రాక తగ్గెను. 1994లో పూజలు నిలిచినవి. గుడిని కూల్చలేదు, శ్రద్ధతో బాగుచేసి 1998లో ప్రదర్శనశాలగా తెరచిరి. పూర్వము ఆ వీథి యెదుట సముద్రమెట్లుండెడిదో చూపు ఒక నమూనాను అందుంచిరి. గోడలు నిలిచినవి, కప్పు నిలిచినది, గుడి మాత్రము గుడిగా నిలువలేదు. అయినను ఆ పని చేసినవారిని నిందింపరాదు. కూలిపోవుటకన్న కథ చెప్పుటకైనను మిగులుట మేలు. కాని రెండు గుడులను ఒకే దినమున చూచినవారికి భేదము తెలియును. ఒకచోట గడచిన కాలమును చూచుటకు జనులు వచ్చుచున్నారు. మరియొకచోట తమ నేటి కష్టమును చెప్పుకొనుటకు వచ్చుచున్నారు.

థియాన్ హాక్ కెంగ్ మొదటి రీతిగా గాక రెండవ రీతిగా నిలుచుటకు కారణమేమి? రాయి గట్టిదగుట కాదు. చట్టము బలమైనదగుట మాత్రమే కాదు. ఆలయమును తమదని తలచిన సంఘము చెదరిపోలేదు. భక్తులు దూరముగా కాపురము పెట్టినను పండుగనాటికి మరల వచ్చిరి. గుడి పెద్దలు పాఠశాలలు నెలకొల్పి పిల్లలతో సంబంధమును నిలుపుకొనిరి. ఆలయము దేవతకు మాత్రమే గాక మనుష్యులకును పనికివచ్చినది. ఇట్టి కట్టు తెగినచోట ఎంత గొప్ప కట్టడమైనను చూచిపోవు వస్తువగును గాని చేరుకొను చోటు కానేరదు.

2017 నాటికి ఆలయపు వెనుక గోడపై 40 మీటర్లకు పైగా పొడవైన చిత్రము వెలసినది. ఓడ నెక్కిన వలసకూలి మొదలుకొని నేటి నగరము వఱకు హొక్కియెన్ ప్రజల బ్రతుకు అందు గోచరించును. ఆ చిత్రమున అలలున్నవి, తెరచాపలున్నవి, మూట మోయు మనుష్యులున్నారు. ముందు వీథిలో లేని సముద్రమును వెనుక గోడపై చిత్రకారుడు మరల తెచ్చి నిలిపెను.

ప్రతి సంవత్సరము చైనీయుల మూడవ నెలలో ఇరువదిమూడవ దినమున మాజు జన్మదినోత్సవము జరుగును. ఆ దినమున ఆలయము జనముతో నిండును. మిగిలిన దినములలో సందడి తక్కువ. మధ్యాహ్నవేళ చుట్టునున్న మేడల నుండి ఉద్యోగి యెవడో భోజనమునకు పోవుచు లోనికి వచ్చును. ఎత్తైన గడప యెదుట తల వంచి కాలిక్రిందికి చూచుకొని దాటును. రెండు నిమిషములు నిలిచి, మ్రొక్కి, తిరిగి పోవును. అతని ముత్తాత ఏ ఓడపై వచ్చెనో అతనికి తెలియకపోవచ్చును. ఆ ఓడ ఏ తుపానును దాటెనో తెలియకపోవచ్చును. అయినను ముత్తాత తల వంచిన గడప ఎదుటనే అతడును తల వంచుచున్నాడు. సముద్రము తీరమును విడిచి పోయినది. తల్లి మాత్రము, వచ్చువారి కొఱకు, తీరమును వీడక అచటనే యున్నది.